అంగడికి అభయం

పాఠ్యభాగ నేపథ్యం

ఒక నగరాన్ని తెలుసుకోవడానికి దాని కోటలను, ఆలయాలను, సభాభవనాలను దర్శించడం ఒక పద్ధతి. ఆ నగరపు అంగడిలో ఒక పూట తిరగడం మరొక పద్ధతి. ఈ రెండవ పద్ధతికి తెలుగు సాహిత్యంలో దాదాపు ఆరు వందల సంవత్సరాల చరిత్ర ఉంది. ఓరుగల్లు అంగడితో మొదలై, హైదరాబాదులోని పాతవస్తువుల సంతల మీదుగా మొజంజాహీ మార్కెట్టుకూ, అక్కడి నుంచి ఆబిడ్స్ కాలిబాట మీది పుస్తకాల వద్దకూ సాగే ఈ పాఠం, అంగడి దేని బలంతో నిలుస్తుందో పరిశీలిస్తుంది.

పాఠం

గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒకనాడు ఓరుగల్లు నగరంలో పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరుగుతారు. వారికి రాచకార్యమేదీ లేదు. తీర్థయాత్రకు వచ్చినవారూ కారు. చూడటమే వారి పని. వాడలు చూస్తారు, జనాన్ని చూస్తారు, కోడిపందెం దగ్గర నిలబడతారు, పొట్టేళ్ళ పోరు చూస్తారు, పల్నాటి వీరుల కథను పాడుతుంటే చెవి ఒగ్గి వింటారు. చూసిన ప్రతిదాని మీదా ఒక మాట విసురుతారు. ఇదే క్రీడాభిరామం. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రచించిన ప్రేమాభిరామం దీనికి మూలం. వినుకొండ వల్లభరాయని పేరుతో వెలువడిన ఈ వీథి రూపకంలో శ్రీనాథుని చేయి ఎంత ఉన్నదన్న వివాదం పండితులలో చాలాకాలం నడిచింది. ఆ వివాదంతో మన ప్రస్తుత ప్రయాణానికి పనిలేదు. నగరాన్ని కాలినడకన చదవవచ్చునని తెలుగువారికి చూపిన గ్రంథం ఇది అని గుర్తిస్తే చాలు.

తిరిగి తిరిగి మిత్రులకు ఆకలి వేస్తుంది. పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన వస్తుంది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే భోజనాన్ని కవి ఒకే పద్యంలో వడ్డించాడు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు. వడ్డన ఎంత ఘనంగా ఉన్నా పద్యానికి ప్రాణం పోసింది చివర వచ్చే 'రూక' అనే చిన్న మాటే. ఆ మాట లేకపోతే ఇది ఏ కావ్యంలోనైనా కనిపించే విందు వర్ణన. ఆ మాట ఉండటం వల్ల ఇది ఒక నగరంలో, డబ్బు ఇచ్చిన మనిషికి దొరికే భోజనం అయింది.

రాజుల ప్రశస్తులు ఎన్ని యుద్ధాలు గెలిచారో చెబుతాయి. పూటకూళ్ళ ఇంట్లో రూక ఇస్తే పెరుగు గడ్డగా వడ్డించేవారని చెప్పవు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించినప్పుడు, కాకతీయుల కాలపు జనజీవనాన్ని తెలుసుకోవడానికి క్రీడాభిరామం వంటి గ్రంథాలనే ఆధారం చేసుకున్నాడు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగు భాషకు ఇచ్చిన తొలి పురస్కారం ఆ గ్రంథానికే దక్కింది. తిండి, బట్ట, ఆట, బేరం చరిత్రకు తగిన విషయాలేనని దానితో స్థిరపడింది.

అయితే అంగడి తనంతట తాను నిలవదు. సరుకు తెచ్చినవాడికి ఆ సరుకు తనదిగానే ఉంటుందన్న ధైర్యం కావాలి. ఈ మాటను తెలుగు నేలమీద అందరికంటే స్పష్టంగా చెప్పినది కవి కాదు, ఒక రాజు. చీరాలకు సమీపంలో మోటుపల్లి అనే సముద్రతీర గ్రామం ఉంది. కాకతీయుల కాలంలో అది పేరుమోసిన రేవు. ఆ రోజులలో తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును తీరాన్ని ఏలే రాజులు లాగుకొనడం మామూలు. సముద్రం చేతిలో సగం పోగొట్టుకున్న వర్తకుడు మిగిలిన సగాన్ని రాజు చేతిలో పోగొట్టుకొనేవాడు. 1244లో గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లిలో శిలాశాసనం వేయించి ఈ ఆచారాన్ని విడిచిపెట్టాడు. నిర్ణయించిన సుంకం తప్ప వర్తకుల సొమ్ము ముట్టబోమని మాట ఇచ్చాడు. ఆ సుంకాన్ని ముప్పయ్యింట ఒక వంతుగా నిర్ణయించాడు. దీనికే మోటుపల్లి అభయశాసనమని పేరు. శత్రువుకు, శరణాగతునికి ఇచ్చే అభయం గురించి పురాణాలు ఎన్నో చెప్పాయి. వ్యాపారికి అభయం ఇవ్వడం మాత్రం అరుదైన విషయం.

ఆ అభయం వృథా పోలేదు. ఆ శతాబ్ది చివరి భాగంలో ఇటలీలోని వెనిస్ నగరానికి చెందిన మార్కోపోలో ఈ రాజ్యం గురించి వ్రాశాడు. మోటుపల్లిని అతడు 'ముత్ఫిలి' అన్నాడు. ఇక్కడ నేసే సన్నని వస్త్రాలు సాలెగూడును తలపిస్తాయని మెచ్చుకున్నాడు, రాజ్యాన్ని వివేకవతి అయిన రాణి పాలించిందని వ్రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. వెనిస్ అంగళ్ళలో పుట్టి పెరిగిన వర్తక కుటుంబీకుని కన్ను మొదట బట్ట నాణ్యం మీద నిలవడంలో ఆశ్చర్యం ఏముంది?

తెలుగులో అంగడికి ఉన్నన్ని పేర్లు తక్కువ వస్తువులకు ఉన్నాయి. వారానికి ఒకనాడు కూడేదాన్ని కోస్తా జిల్లాలలో సంత అంటారు. తెలంగాణ పల్లెల్లో దానినే అంగడి అంటారు. పేట, బజారు, మండీ, గంజు అన్నవి వేరువేరు కాలాలలో, వేరువేరు భాషల నుంచి వచ్చి మన నోట స్థిరపడ్డ మాటలు. రాజమహేంద్రవరంలోని మంగళవారపుపేట, ఏలూరులోని శనివారపుపేట అన్న పేర్లు వింటే సంత కూడిన రోజులు చెవిలో మ్రోగినట్లే ఉంటుంది. వారంలో ఒక రోజును పేరుగా పెట్టుకున్న అంగళ్ళలో నేటికీ జీవంతో ఉన్నది హైదరాబాదులోని జుమ్మెరాత్ బజార్. ఉర్దూలో జుమ్మెరాత్ అంటే గురువారం.

1578లో ఇబ్రహీం కుతుబ్‌షా మూసీనది మీద కట్టించిన పురానాపూల్ వంతెనకు చేరువలో, గురువారం తెల్లవారుతుండగానే ఈ సంత మొదలవుతుంది. ఇక్కడ కొత్త వస్తువు దొరకడం కష్టం. నేలమీద పరచిన గోనెపట్టాల మీద ఆగిపోయిన గోడగడియారాలు, మూతలేని కుక్కర్లు, ఒంటికాలు విరిగిన కుర్చీలు, కొలతలు చెరిగిపోయిన పనిముట్లు, ఉతికి మడతపెట్టిన పాత చొక్కాలు, తీగలు బయటపడ్డ రేడియోలు కనిపిస్తాయి. నగరానికి మరొక వైపున ఎర్రగడ్డలో ఆదివారం నాడు ఇటువంటి సంతే కూడుతుంది. మొదటిసారి వెళ్ళినవారికి ఇది చెత్తకుప్పలా తోచవచ్చు. కాస్త నిదానించి చూస్తే ప్రతి గోనెపట్టా వెనుక ఒక నైపుణ్యం కనబడుతుంది. పది పాడైన మోటార్ల నుంచి పనికివచ్చే భాగాలు తీసి ఒక పనిచేసే మోటారును తయారుచేసినవాడు ఒకడు. వందల తాళాల నడుమ మీ తాళంచెవికి సరిపోయేది క్షణంలో ఏరి ఇచ్చేవాడు మరొకడు.

ఈ వస్తువులు ఇక్కడికి చేరే దారి పొడవైనది. 'పాత ఇనపసామాన్లు కొంటాం' అని వీథిలో కేక వేస్తూ తోపుడుబండి తోసుకొనిపోయే మనిషి, పాత బట్టలు తీసుకొని బదులుగా స్టీలు గిన్నె ఇచ్చే స్త్రీ, చిత్తుకాగితాలు తూకానికి కొనే చిన్న దుకాణదారు, వాటిని వేరుచేసే కూలీలు, చివరకు సంతలో పట్టా పరచేవాడు. ఒక ఇంటి గడప దాటిన పాత గడియారం ఇన్ని చేతులు మారుతుంది. ప్రతి చేతికీ కొంత మిగలాలి. అందుకే 'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అన్న సామెత ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది. అమ్మినవారు అగ్గువకు పోయిందని బాధపడతారు, కొన్నవారు ప్రియమైందని గొణుగుతారు. నడుమ ఉన్నవారి శ్రమను ఇద్దరూ లెక్కించరు.

ఇటువంటి సంతలకు ప్రపంచమంతటా ప్రచారంలో ఉన్న ఇంగ్లీషు పేరు ఫ్లీ మార్కెట్. పాతబట్టలను, పరుపులను అంటిపెట్టుకొని ఉండే ఒక చిన్న రక్తపు పురుగు పేరు మీద ఫ్రెంచివారు పెట్టిన పేరుకు అది అనువాదం. పారిస్ శివారులోని సాంతువాఁ సంత ఆ పేరుతో లోకప్రసిద్ధమైంది. ఇటలీలో రోము నగరపు పోర్తా పోర్తేసె దగ్గర ఆదివారం కూడే సంత కూడా ఈ కోవలోదే. పురుగు పేరు పెట్టడంలో కొంత వెక్కిరింత ఉంది. మన జుమ్మెరాత్ బజార్‌కు వారం పేరు పెట్టినవారు ఆ మేరకు మర్యాద పాటించారనే చెప్పాలి.

ఈ సంతల గురించి ఒక అపవాదు కూడా ఉంది. దొంగసొత్తు ఇక్కడ తేలుతుందంటారు. రసీదు లేని వ్యాపారంలో అటువంటి ప్రమాదం లేదనలేము. విలువైన వస్తువు మరీ చవకగా వస్తున్నప్పుడు కొనేవాడు అనుమానించవలసిందే. అయితే ఏ ఒక్కరో చేసిన తప్పుకు పట్టా పరచిన ప్రతివాడినీ దొంగగా చూడటం న్యాయం కాదు. ఉదయం తొలి బేరానికి వచ్చిన నోటును కళ్ళకద్దుకొని, ఆ బోణీ మనిషి చేతివాటం మీద రోజంతా నమ్మకం పెట్టుకొనేవారే ఇక్కడ ఎక్కువ.

పురానాపూల్ నుంచి నగరం నడిబొడ్డుకు వస్తే అంగడి రూపం మారుతుంది. నేలమీది పట్టాల స్థానంలో రాతికట్టడం ప్రత్యక్షమవుతుంది. 1908లో వచ్చిన మూసీ వరద హైదరాబాదును అతలాకుతలం చేసింది. నగరాన్ని క్రమపద్ధతిలో తీర్చిదిద్దటానికి 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో నిర్మాణమైన మొజంజాహీ మార్కెట్ ఆ నూతన నగరానికి ఒక గుర్తు. నిజాము రెండవ కుమారుడు మొజంజా పేరు దానికి పెట్టారు. రహదారుల కూడలిలో గడియారపు గోపురం, దాని ఇరువైపులా రెక్కల్లా చాచుకున్న నల్లరాతి దుకాణాల వరుసలు, నడుమ విశాలమైన ముంగిలి. ఎండకూ వానకూ జడవకుండా అమ్మకందారు కూర్చోవడానికి ప్రభుత్వమే నీడ కట్టి ఇచ్చిన అంగడి ఇది.

ఈ మార్కెట్టుకు నాలుక మీద బ్రతికే పేరు ఒకటి ఉంది. ముంగిలిలో కుర్చీలు వేసి అమ్మే పండ్ల ఐస్‌క్రీము అది. చలువరాతి అంతస్తులు, అద్దాల తలుపులు అక్కడ లేవు. పండుగుజ్జు, పాలు, పంచదార, ఋతువు. వేసవిలో మామిడి, వానకాలం వెళ్ళి చలి తొంగిచూసే వేళకు సీతాఫలం. మహబూబ్‌నగర్ వైపు గుట్టలమీద కాసిన సీతాఫలాల గింజలు తీసి గుజ్జు చేయడానికి ఎంత ఓపిక కావాలో ఇంట్లో ఒక్కసారి ప్రయత్నించినవారికి తెలుస్తుంది. ఎదురుగా ఎండుఫలాల దుకాణాలు, అత్తరు సీసాలు పేర్చిన చిన్నగదులు. ఒక గుమ్మం దగ్గర అంజూరపు వాసన, మరొక గుమ్మం దగ్గర మల్లె అత్తరు. దేశవిభజన వేళ సింధు ప్రాంతం నుంచి తరలివచ్చిన ఒక కుటుంబం 1953లో ఈ పరిసరాలలోనే కరాచీ బేకరీని ప్రారంభించింది. విడిచివచ్చిన నగరం పేరును దుకాణానికి పెట్టుకొని, చేరుకున్న నగరపు రుచిగా దాన్ని నిలబెట్టింది.

మొజంజాహీ మార్కెట్ ఒకప్పుడు పండ్ల వ్యాపారానికి పెద్ద కేంద్రం. నగరం పెరిగింది, లారీలు తిరగడానికి చోటు చాలలేదు. 1980లలో టోకు పండ్ల వ్యాపారం కొత్తపేటకు తరలింది. అక్కడ కూడా నగరం చుట్టుముట్టాక 2022 నాటికి ఇంకా దూరాన ఉన్న బాటసింగారానికి వెళ్ళింది. ఒక తరం కాలంలో ఒకే వ్యాపారం రెండుసార్లు మూటముల్లె సర్దుకున్నది. ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు, పొరుగున ఉన్న నూజివీడు తోటల రైతులకు ఈ వలస సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకు బండి కట్టేముందు, ఇవాళ మార్కెట్టు తెరిచారా, ఏ ధర పలుకుతున్నది అని కనుక్కోవడం వారి వేసవి దినచర్య. అంగడి ఎక్కడ ఉంటుందన్నది పటం మీది చుక్క కాదు. ఆ చుక్క పది కిలోమీటర్లు జరిగితే బండికిరాయి మారుతుంది, కూలి మారుతుంది, రోజుకు ఎన్ని బేరాలు కుదురుతాయన్నది మారుతుంది.

పండ్ల వ్యాపారం వెళ్ళిపోయాక భవనం శిథిలమవుతూ వచ్చింది. గోపురం రాళ్ళ సందులలో మొక్కలు మొలిచాయి. పైకప్పు కారింది. 2018లో మరమ్మతులు చేపట్టి, అడ్డదిడ్డంగా వేసిన రేకులను, బోర్డులను తొలగించి, రాతిని శుభ్రపరచి, 2020 ఆగస్టులో మార్కెట్టును మళ్ళీ ప్రారంభించారు. రాత్రివేళ దీపాల వెలుగులో ఆ కట్టడం ఇప్పుడు కన్నులపండువుగా ఉంటుంది. ఐస్‌క్రీము దుకాణాలూ, పాత వ్యాపారాలు కొన్నీ అక్కడే కొనసాగుతున్నాయి. మరమ్మతులో మెచ్చుకోవలసినది ఇదే. కట్టడాన్ని కాపాడి వ్యాపారిని పంపివేస్తే మిగిలేది గడియారపు గోపురం ఒక్కటే.

ఇటలీలో ఫ్లోరెన్స్ నగరం ఇటువంటి చిక్కునే వేరొక విధంగా ఎదుర్కొన్నది. జుసెప్పె మెంగోని అనే వాస్తుశిల్పి ఇనుముతో, గాజుతో రూపొందించిన అక్కడి మెర్కాతో చెంత్రాలె, అంటే కేంద్ర విపణి, 1874లో తెరుచుకున్నది. క్రింది అంతస్తులో మాంసం, జున్ను, కూరగాయలు అమ్మే దుకాణాలు ఉన్నాయి. చాలాకాలం పనికిరాకుండా పడి ఉన్న పై అంతస్తును 2014లో భోజనశాలగా మార్చారు. పలు దుకాణాల వంటలు తెచ్చుకొని ఉమ్మడి బల్లల దగ్గర కూర్చొని తినే చోటు అది. పూటకూళ్ళ ఇంటి సూత్రమే, హంగు వేరు. క్రింద పచ్చికూర, పైన వండిన కూర. పర్యాటకుడు మేడమెట్లెక్కి తిని వెళ్ళిపోతాడు. క్రింది దుకాణాన్ని బ్రతికించవలసినవారు మాత్రం సంచి పట్టుకొని వచ్చే ఆ ఊరి గృహస్థులే. అదే నగరంలో చోంపి కూడలిలో దశాబ్దాలుగా సాగిన పాతవస్తువుల సంతను అక్కడి నుంచి కదిలించి సమీపంలోని మరొక చోటికి మార్చారు. పాత కట్టడాలకు పట్టం కట్టిన నగరంలోనే పాతవస్తువులు అమ్మేవారు చోటు మారవలసి వచ్చింది.

మొజంజాహీ మార్కెట్ నుంచి ఆబిడ్స్ పది పదిహేను నిమిషాల నడక. ఆరవ నిజాము కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియా జాతీయుని దుకాణం పేరే ఈ ప్రాంతానికి నిలిచింది. దుకాణం మాయమై ఎంతకాలమైందో, పేరు మాత్రం బస్సు బోర్డుల మీద తిరుగుతూనే ఉంది. వారంలో ఆరు రోజులు ఇక్కడ బట్టల, చెప్పుల దుకాణాల హడావిడి. ఆదివారం ఆ దుకాణాల ఇనుపతలుపులు దిగుతాయి. మూసిన తలుపుల ముందరి కాలిబాట మీద పుస్తకాలు పరుచుకుంటాయి. ఒక దుకాణానికి సెలవు దినం మరొక దుకాణానికి పనిదినమయ్యే ఈ ఏర్పాటును ఎవరూ కాగితం మీద వ్రాయలేదు. జరుగుబాటులోంచి పుట్టింది.

పుస్తకాల గుట్టలో క్రమం ఉండదు. వైద్యశాస్త్రం పక్కన డిటెక్టివ్ నవల, దాని కింద ఉర్దూ కవిత్వం, దానిమీద పదేళ్ళ నాటి ప్రవేశపరీక్ష ప్రశ్నలు. ముందుపుటలో ఎవరిదో సంతకం, 'చిరంజీవికి పుట్టినరోజు కానుక' అన్న వ్రాత, అంచులలో పెన్సిలు గీతలు, ఎక్కడో పుటల మధ్య ఎండిన రావియాకు. కొనేవాడు ఒక పుస్తకాన్ని కొంటున్నాననుకుంటాడు. అతనికి తెలియకుండానే మరొక పాఠకుని సహవాసం కొసరుగా దొరుకుతుంది. అమ్మేవారిలో కొందరికి చదువు అంతంతమాత్రం. అయినా ఏ అట్ట చూసి ఏ మనిషి వంగుతాడో, ఏ పుస్తకం చేతిలోకి తీసుకొని మరల పెట్టలేకపోతాడో వారికి బాగా తెలుసు. ధర పుస్తకం మీద కాక కొనేవాని కళ్ళలో ఉంటుంది.

కోఠీలోనూ ఇటువంటి పాతపుస్తకాల దుకాణాలున్నాయి. విజయవాడలో లెనిన్ సెంటర్ వాటికి నెలవు. తిరువూరు నుంచి సుమారు డెబ్బయి కిలోమీటర్లు బస్సులో ప్రయాణించి, జూన్ నెల ఎండలో ఆ దుకాణాల ముందు నిలబడి, పై తరగతి పుస్తకాలు సగం ధరకు బేరమాడే విద్యార్థికి అది వినోదం కాదు. ఆ సగం డబ్బుతోనే నోటుపుస్తకాలు రావాలి, తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు రావాలి. పోయిన సంవత్సరం చదివినవాడు తన పుస్తకాలు తిరిగి అమ్మితేనే ఈ సంవత్సరం చదివేవానికి దొరుకుతాయి. గ్రంథాలయం లేని ఊళ్ళకు ఈ దుకాణాలే తిరిగే గ్రంథాలయాలు.

పాత కాగితం విలువ తెలిసినవాడు ఒకడు చాలు, ఒక సాహిత్యం నిలబడటానికి. పంతొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ తెలుగుదేశంలో తాటాకు ప్రతులను సేకరించి, పండితులకు జీతాలిచ్చి వాటికి శుద్ధప్రతులు వ్రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చు వేయించాడు. అతడు కూడబెట్టిన ప్రతులు తరువాత మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో చేరి పరిశోధకులకు అందాయి. అటకమీద చెదలు తింటున్న తాటాకుల కట్టను ఇంటివారు భారంగా భావించిన రోజులవి. ఆదివారం నాడు ఆబిడ్స్‌లో తూకం కాగితాల నుంచి ఒక పాత తెలుగు పత్రిక సంపుటిని ఏరి పక్కన పెట్టే చేయి బ్రౌను చేసిన పనినే, తన స్థాయిలో, చేస్తున్నది.

అయితే కాలిబాట ఎవరిది? నడిచేవారిదా, పట్టా పరచినవారిదా? ఈ ప్రశ్న ఢిల్లీలోని దర్యాగంజ్‌లో పదునుగా ముందుకు వచ్చింది. అక్కడి కాలిబాట మీద దశాబ్దాలుగా ఆదివారం కూడే పుస్తకాల సంత దేశంలోకెల్లా పేరుపొందినది. నడిచేవారికి, వాహనాలకు అడ్డమవుతున్నదన్న కారణంతో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం ఆదేశాల మేరకు 2019లో ఆ సంత ఆగిపోయింది. ఆ వర్తకులు కొన్ని వారాలు పనిలేక తిరిగారు. చివరకు సమీపంలోని మహిళా హాట్ ప్రాంగణంలో చోటు దొరికింది. చక్రాలకుర్చీలో వెళ్ళేవారికి, చంటిబిడ్డ నెత్తుకున్న తల్లికి కాలిబాట అడ్డంకి లేకుండా ఉండవలసిందే. వారి మొర కూడా న్యాయమైనదే. అయినా దారినపోయేవాడు పుస్తకాన్ని తారసపడి చూడటం వేరు, పుస్తకం కోసమే గోడలోపలికి రావడం వేరు. కాలిబాట సంతకు ప్రాణం ఆ తారసపాటులోనే ఉంటుంది.

ఈ రెండు న్యాయాలకు మధ్య దారి చూపడానికే 2014లో పార్లమెంటు వీథి వర్తకుల చట్టం చేసింది. ప్రతి పట్టణంలో వర్తకుల గణన జరగాలని, అది పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదని ఆ చట్టం చెబుతుంది. ఎక్కడ అమ్మవచ్చు, ఎక్కడ కూడదు అన్నది నిర్ణయించడంలో పాలుపంచుకొనే పట్టణ సంఘంలో నూటికి నలభై మందికి తక్కువ కాకుండా వర్తకుల ప్రతినిధులే ఉండాలి. వారిలో మూడవ వంతు స్త్రీలు కావాలి. యాభై సంవత్సరాలకు పైబడి సాగుతున్న సహజమైన అంగళ్ళను వారసత్వ విపణులుగా ప్రకటించాలని, అక్కడివారిని కదిలించరాదని కూడా అందులో ఉంది. మోటుపల్లి శాసనానికీ ఈ చట్టానికీ మధ్య 770 సంవత్సరాల దూరం. సముద్రం మీద ఓడ నడిపిన వర్తకుడు ఎక్కడ, సిమెంటు పలకల మీద గోనెపట్టా పరచినవాడు ఎక్కడ! అయినా ఇద్దరికీ పాలకుల నుంచి కావలసినది ఒక్కటే. సుంకం ఎంతో ముందుగా చెప్పాలి, మిగిలినదాని జోలికి రాకూడదు.

శాసనం రాతిమీద ఉన్నంత మాత్రాన రేవులో అధికారి దాన్ని పాటించాడని అర్థం కాదు. చట్టం సంగతీ అంతే. గణనలు ఆలస్యమవుతాయి. ధ్రువపత్రం చేతికి రాకముందే తోపుడుబండి లారీ ఎక్కుతుంది. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతా మూతపడినప్పుడు, గోడలున్న దుకాణం తాళం వేసుకొని ఎదురుచూసింది. గోడలు లేని దుకాణానికి తాళం వేసే వీలు కూడా లేకపోయింది. ఆ సంవత్సరం జూన్‌లో కేంద్రప్రభుత్వం వీథి వర్తకులకు తొలివిడతగా పదివేల రూపాయల దాకా అప్పు ఇచ్చే స్వనిధి పథకాన్ని ప్రారంభించింది. చాలామందికి అది బ్యాంకు గుమ్మం తొక్కిన తొలి సందర్భం.

ఆదివారం పొద్దు వాలేసరికి ఆబిడ్స్ కాలిబాట మీద బేరాలు మెత్తబడతాయి. ఉదయం వంద రూపాయలు చెప్పిన పుస్తకం యాభైకి దిగుతుంది. మోసుకొనిపోవడం కన్నా ఇచ్చివేయడం నయమని అమ్మేవాడు లెక్కవేసుకుంటాడు. వీథిదీపాలు వెలిగాక అమ్ముడుపోని పుస్తకాలను పరిమాణం ప్రకారం పేర్చి, పాత దుప్పట్లలో మూటకట్టి, ఆటోలోకి ఎక్కిస్తారు. ఒకడు చీపురు తీసుకొని తాను కూర్చున్న మేర ఊడుస్తాడు. సోమవారం ఉదయం ఇనుపతలుపులు లేచేవేళకు అక్కడ పుస్తకాలు ఉండేవనడానికి ఏ గుర్తూ మిగలదు.

అభ్యాసం

1. క్రీడాభిరామంలోని పూటకూళ్ళ ఇంటి వర్ణనలో 'రూక' అనే మాటకు గల ప్రాధాన్యాన్ని వివరించండి.

2. మోటుపల్లి శాసనాన్ని అభయశాసనమని ఎందుకు అంటారు? 2014 నాటి వీథి వర్తకుల చట్టంతో దానికి గల పోలికను తెలపండి.

3. మొజంజాహీ మార్కెట్, ఫ్లోరెన్స్ కేంద్ర విపణి కాలక్రమంలో ఎలా మార్పు చెందాయి?

4. కాలిబాట నడిచేవారిదా, వర్తకులదా? ఇరుపక్షాల వాదాలను మీ మాటల్లో వ్రాయండి.

5. మీ ఊరి సంతలో ఒక పూట తిరిగి, అమ్మే ఒక వస్తువు అక్కడికి ఏ ఏ చేతుల మీదుగా చేరిందో అడిగి తెలుసుకొని, ధరలతో సహా వ్రాయండి.